కొలతలిచ్చి కట్టించిన కంప్యూటరు

గుమ్మలపాడులో తెలివైన ఇల్లు ఏదని అడిగితే దర్జీ గవర్రాజు తన ఇల్లే చూపిస్తాడు. అడక్కపోయినా చూపిస్తాడు. మిషను తొక్కుతూ తొక్కుతూ తల పైకెత్తి, "మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ మోసపోలేదండీ. ఎందుకంటారా? మూడు తరాలుగా ఎవరూ రెడీమేడ్ కొనలేదు. కొలత లేని సరుకు కొన్నవాడు కొరివితో తల గోక్కున్నవాడే" అంటాడు.

మాట నిజమే. ఆ ఇంట్లో చొక్కాలే కాదు, మంచినీళ్ళ కుండకి తొడుగు, గొడుగుకి సంచి, చివరికి మేకపిల్లకి చలికోటు కూడా కొలత తీసే కుట్టారు. పెరిగే పిల్ల కదా అని ఆ కోటుకి లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదిలారు. మేక పెరిగింది. కుట్లు విప్పి కోటు వదులు చేద్దామనుకునేలోపు కోటుని మేకే తినేసింది. "చూశారా, అరిగేదాకా మా పనితనం దాని ఒంటిమీదే ఉంది. అరిగాక కూడా దాని ఒంట్లోనే ఉంది" అని గవర్రాజు ఊరంతా చెప్పుకున్నాడు.

వాళ్ళ నాన్న పోయేముందు మంచం దగ్గరకి పిలిచి పనికొచ్చే మాటలు నాలుగు చెప్పాడు. కొలత తియ్యనిదే పని మొదలెట్టకు. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు తడుపు, ఆరబెట్టు, ఇస్త్రీ చెయ్యి, అప్పుడే చెయ్యి పెట్టు. మిగిలిన ముక్క, పీలికైనా సరే, కస్టమరుకి తిరిగిచ్చెయ్యి. ట్రయల్ వెయ్యనిదే సరుకు ఒప్పజెప్పకు. ఇవి చెప్పి ఆయన కన్ను మూశాడు. గవర్రాజు వలవలా ఏడుస్తూనే టేపు తీసి కొలత తీసుకుని, లోపల రెండంగుళాలు వదిలి పాడె కట్టించాడు.

ఇక గవర్రాజు తమ్ముడు తవిటిబాబు సంగతి. వాడికి మిషను కంటే కెమేరా మీద మోజు. టౌనులో ఒక స్టూడియోలో కొన్నాళ్ళు ఊడిగం చేసి, పెళ్ళి వీడియోలు తియ్యడం, వాటిని ఎడిటింగ్ చెయ్యడం నేర్చుకున్నాడు. మొదటిసారి సొంతంగా తీసింది ఊళ్ళో బెల్లం వర్తకుడు సింహాచలం పెద్దకూతురి పెళ్ళి. ఆ పెళ్ళిలో తవిటిబాబు కెమేరా ఎటు తిప్పినా పెళ్ళికూతురి చెల్లెలు ఈశ్వరే కనబడింది. కెమేరా పాడైందేమో అనుకుని కళ్ళతో చూశాడు. కళ్ళతో చూసినా ఈశ్వరే. అంతే, వాడికి నిద్ర పోయింది, ఆకలి పోయింది. సరాసరి వెళ్ళి సింహాచలం ముందు నిలబడ్డాడు.

"ఏం కావాలోయ్?" అన్నాడు సింహాచలం.

"మీ చిన్నమ్మాయండి."

సింహాచలం కొబ్బరాకు చీపురు వైపు చూశాడు. ఎందుకో ఆగి, "ఏం చదివావు?" అన్నాడు.

"పదో తరగతి ఫెయిలండి. కానీ ఫెయిలైన వాళ్ళందరిలో నేనే ఫస్టండి."

"చూడబ్బాయ్" అన్నాడు సింహాచలం. "ఆషాఢం వస్తోంది. పెద్దమ్మాయి పుట్టింటికొస్తుంది. చుట్టాలంతా వీడియో చూద్దామని చేరతారు. ఆ వేళకి పెళ్ళి వీడియో బుద్ధిగా తయారుచేసి తెచ్చావా, నీ సంగతి ఆలోచిస్తాను. తేలేదా, మళ్ళీ మా ఇంటి ఛాయలకి రాకు. నీ స్టూడియోవాడి కొడుకు కూడా మా ఈశ్వరిని అడుగుతున్నాడు. వాడికి కంప్యూటరుందిట."

ఇంకేముంది! తవిటిబాబు ఇంటికి పరుగెత్తుకొచ్చి, "అన్నయ్యా, కంప్యూటరు లేకపోతే నేను బతకను" అని గవర్రాజు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

గవర్రాజుకి తమ్ముడంటే ప్రాణం. అయినా ముందు అడగవలసింది అడిగాడు. "రెడీమేడ్ వస్తువు కాదు కదా?"

"రెండు రకాలూ ఉంటాయట అన్నయ్యా. అట్టపెట్టెలో పెట్టి అందరికీ ఒకేలాంటిది అమ్మేస్తారు, అది రెడీమేడ్. అలా కాకుండా మన పనికి తగ్గట్టు విడి భాగాలు తెచ్చి కట్టించుకునేది ఇంకోటి."

గవర్రాజు లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ కంప్యూటరు వాళ్ళని చిన్నచూపు చూశాంరా. వాళ్ళూ దర్జీలే! ఏమే పైడితల్లీ, టేపు తే."

పైడితల్లి గవర్రాజు భార్య. మొగుడి కంటే తెలివైనదని ఆవిడ నమ్మకం, ఆ నమ్మకం మొగుడికీ ఉంది. టేపు తెచ్చింది. తవిటిబాబుని నడవాలో నిలబెట్టి మెడ, ఛాతీ, చెయ్యి, నడుము కొలిచారు. "నొక్కేది వేళ్ళతో కదా, వేళ్ళు కొలవరేం?" అంది పైడితల్లి. వేళ్ళు కొలిచారు. "ఆలోచించేది తలతో కదా" అని తల చుట్టూ టేపు తిప్పారు. ఇరవైరెండు అంగుళాలు తేలింది.

"బయట ఇంతుంది గానీ లోపల ఎంతుందో?" అంది పైడితల్లి.

"లోపల దేవుడు రెండంగుళాలు వదిలే ఉంటాడులే" అన్నాడు గవర్రాజు.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ బస్సెక్కి టౌనులో పార్వతీశం కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళారు. పార్వతీశం ఓపికమంతుడు. బేరమాడి కొనకుండా పోయేవాళ్ళకి కూడా మంచినీళ్ళిచ్చి పంపే రకం. గవర్రాజు కుర్చీలో కూర్చుని, కొలతలన్నీ గడగడా అప్పజెప్పాడు.

"చొక్కా ఎవరికండీ?" అన్నాడు పార్వతీశం.

"చొక్కా కాదు, కంప్యూటరు. కూర్చుని పని చేసేవాడు మా తమ్ముడు. కొలతలు వాడివే."

పార్వతీశం కళ్ళజోడు సర్దుకున్నాడు. "అయ్యా, మనిషి కొలత అక్కర్లేదు. పని ఎంతో చెబితే చాలు. ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళకి ఆ షెల్ఫులో ఉన్న రెడీమేడ్ చాలు. మీది వీడియో ఎడిటింగ్ అంటున్నారు. బరువైన పని. ర్యామ్ ఎక్కువుండాలి, గ్రాఫిక్స్ కార్డు మంచిదుండాలి. సరే, వీడియోలు దాచుకోవడానికి డిస్కు ఎంత కావాలి?"

గవర్రాజు తమ్ముడి వైపు చూశాడు. తవిటిబాబు వేళ్ళమీద లెక్కేశాడు. "పెళ్ళికి నాలుగొందలమంది వచ్చారండి. అందులో బాగా ఒళ్ళున్నవాళ్ళు అరవైమంది దాకా ఉంటారు. పెళ్ళికొడుకు మేనమామ ఒక్కడే ఇద్దరి చోటు తింటాడు. వాళ్ళంతా ఇరుక్కోకుండా పట్టాలి."

పార్వతీశం మంచినీళ్ళ గ్లాసు నింపాడు.

"పెద్దదే ఇస్తాను" అన్నాడు పార్వతీశం.

"భోజనాలు కూడా తీశానండి. కాజాలూ, పులిహోరా ఉన్నాయి. చీమలు పట్టవు కదా?"

"పట్టవు."

"అయితే మంచి కంపెనీయే అన్నయ్యా."

పార్వతీశం మంచినీళ్ళు తనే తాగి, మళ్ళీ మొదలెట్టాడు. "పెట్టె కాస్త పెద్దది తీసుకోండి. గాలి ఆడుతుంది. రేప్పొద్దున పని పెరిగితే ర్యామ్ పెంచుకోవడానికి, ఇంకో డిస్కు పెట్టుకోవడానికి లోపల చోటు వదులుతాను. రెడీమేడ్ దాంట్లో ఆ వీలు తక్కువ."

గవర్రాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "విన్నావురా? లోపల వదులుతాడట! మా నాన్న బతికుంటే మిమ్మల్ని కౌగిలించుకునేవాడు పార్వతీశం గారూ."

"రేపు రండి, బిగించి ఇస్తాను."

"ఆ మాట అనకండి. మూడు తరాలుగా మేం బయట కుట్టించుకోలేదు. ముక్కలివ్వండి చాలు, కలపడం మేం చూసుకుంటాం."

పార్వతీశం ఎంత చెప్పినా వినలేదు. ఆఖరికి విడి భాగాలన్నీ సంచిలో పెట్టి, "కొత్త సరుకు, సున్నితమైంది, వేడి తగలనివ్వకండి" అని చెప్పి పంపించాడు.

ఇంటికి రాగానే గవర్రాజు, "కొత్త సరుకు అన్నాడు కదా. గంగాళం నింపు" అన్నాడు.

తవిటిబాబు చేతిలో బిందె కింద పెట్టాడు. స్టూడియోలో ఎవరూ కంప్యూటరుని తడపడం వాడు చూడలేదు. "అన్నయ్యా, కరెంటు వస్తువుకి నీళ్ళు తగిలితే ప్రమాదం అంటారు."

"కరెంటు పెట్టాక తడిపేవాడు తెలివితక్కువవాడు. మనం పెట్టకముందే తడుపుతున్నాం" అన్నాడు గవర్రాజు. తవిటిబాబు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు.

అంతే. ఆకుపచ్చ బోర్డూ, ర్యామూ, కార్డూ, డిస్కూ, ఫ్యానూ అన్నీ గంగాళంలో మునిగాయి. రంగు దిగకుండా పైడితల్లి గుప్పెడు కల్లుప్పు వేసింది. పూటంతా నాననిచ్చి తీసి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. "చుక్క రంగు దిగలేదు. మోసం చెయ్యలేదు పార్వతీశం" అంది. టేపు పెట్టి కొలిస్తే పావంగుళం కూడా కుదించుకోలేదు. క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేశారు. కాకులు వాలకుండా తవిటిబాబు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ దండెం మీద ఊగుతున్న గ్రాఫిక్స్ కార్డు వాడి కంటికి ఈశ్వరి ఓణీలాగే కనబడింది.

ఆరాక బోర్డు చేతిలోకి తీసుకుని గవర్రాజు నొచ్చుకున్నాడు. "ఎంత నలిగిపోయిందో చూడండి. అంతా ఎత్తుపల్లాలే."

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేశారు.

"వేడి తగలనివ్వద్దన్నాడు కదన్నయ్యా?"

"అందుకే కదరా పైన తడిగుడ్డ వేస్తున్నాను! పట్టుచీరకి చెయ్యమూ?"

ఇస్త్రీ సాగింది. పొగ వచ్చింది, వాసన వచ్చింది. ఎత్తులు కొన్ని అణిగాయి, కొన్ని ఊడి ఇస్త్రీపెట్టెకి అంటుకున్నాయి. ఊడని వాటిని పైడితల్లి గోటితో గిల్లి తీసింది. "పూసలపని మరీ ఎక్కువైంది. తీస్తే నున్నగా ఉంటుంది" అంది. తీసినవన్నీ ఒక చిన్న గుడ్డ సంచిలో పోసి మూతి కట్టింది, ఎవరి సరుకు ముక్కలు వాళ్ళకే చెందాలి కాబట్టి.

తర్వాత అన్నీ పెట్టెలో సర్ది, పెట్టె వంక చూసి గవర్రాజు మళ్ళీ నొచ్చుకున్నాడు. ముందువైపు ఒకే ఒక్క బటను ఉంది. ఒక్క బటనుతో నలుగురిలోకి వెళ్ళడం ఎంత అప్రదిష్ట! నీలం వెల్వెట్టుతో తొడుగు కుట్టి, కాజాలు కోసి, వరసగా ఐదు బటన్లు పెట్టాడు. ఊరంతా వచ్చి చూసి ముచ్చటపడ్డారు. అంత అందమైన కంప్యూటరు జిల్లాలో లేదు. ప్లగ్గు పెట్టి ఆరు బటన్లూ నొక్కారు. ఒకసారి టప్ మంది. వీధి మొత్తానికి కరెంటు పోయింది.

ఇంతలో ఆషాఢం వచ్చేసింది. సింహాచలం పెద్దకూతురు పుట్టింటికొచ్చింది. చుట్టాలు దిగడం మొదలైంది. "వీడియో ఏదీ?" అని కబురొచ్చింది. తవిటిబాబు వెల్వెట్టు తొడుగు మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఈశ్వరి ఆ స్టూడియోవాడి ఇంట్లో దీపం పెడుతుందని తలుచుకుంటే వాడికి ముద్ద దిగలేదు. తమ్ముడు తినకపోతే గవర్రాజూ తినలేదు. ఇద్దరూ తినకపోతే పాడవుతుందని పైడితల్లి ఇద్దరిదీ తినేసింది.

పెట్టె మోసుకుని మళ్ళీ పార్వతీశం కొట్టుకి పోవడమే గతయింది. ముందుగా గుడ్డ సంచి అందించాడు గవర్రాజు. "మీ సరుకులో మిగిలినవండి. పీలిక కూడా ఉంచుకోలేదు." పార్వతీశం సంచి విప్పి చూశాడు. బోర్డు తీసి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఇస్త్రీ ఎవరు చేశారు?"

"నేనేనండి" అన్నాడు గవర్రాజు సిగ్గుపడుతూ.

పార్వతీశం బోర్డు పక్కన పెట్టాడు. తవిటిబాబు ఎండిపోయిన మొహం చూసి, సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. తర్వాత షెల్ఫులోంచి అట్టపెట్టె ఒకటి దింపాడు. "ఇది రెడీమేడ్. ఎవరో కొని వెనక్కిచ్చారు. మీ పనికి చాలినంత జోరు లేదు గానీ, నిదానంగా లాగేస్తుంది. పనయ్యాక తెచ్చిచ్చెయ్యండి. ప్లగ్గు పెట్టాలి, నొక్కాలి, అంతే. తడపకూడదు. ఇస్త్రీ వద్దు. ఏ దేవుడిని నమ్ముతారో ఆ దేవుడి మీద ఒట్టెయ్యండి."

"రెడీమేడా!" గవర్రాజు మొహం కందగడ్డయింది. "ప్రాణం పోయినా సరే, రెడీమేడ్ వస్తువు మా ఇంటి గుమ్మం దాటదు!"

"నా ప్రాణమే కదన్నయ్యా పోయేది" అన్నాడు తవిటిబాబు.

ఆ మాటకి గవర్రాజు కరిగిపోయాడు. కానీ ఆడిన మాట తప్పే వంశం కాదు. పెట్టెని దుప్పట్లో చుట్టి, ఊళ్ళో ఎవరికీ తెలియకుండా ఇద్దరూ భుజాల మీద మోసుకొచ్చారు. దారిలో ఎవరో ఆపి, "ఎవరర్రా అది?" అన్నారు.

"మా నాన్నమ్మండి" అన్నాడు గవర్రాజు.

"మీ నాన్నమ్మ పోయి ఏళ్ళయింది కదరా?"

"అందుకే కదండీ, తొందరపడకుండా తెస్తున్నాం."

ఇంటికొచ్చాక కిటికీ ఊచలు రెండు పీకి, పెట్టెని కిటికీలోంచి లోపలికి దింపారు. గుమ్మం దాటలేదు. మాట నిలిచింది.

తవిటిబాబు పనికి కూర్చున్నాడు. రెడీమేడ్ నిదానంగానే నడిచింది. ఒక్కో ముక్క అతికేలోపు పైడితల్లి ఒక్కో జాకెట్టు కుట్టేసింది. అయినా వాడు కదల్లేదు. పనికిరానివన్నీ ఏరి ఏరి తీసేశాడు. సింహాచలం ఎవరూ చూడట్లేదనుకుని కాజాలు కండువాలో మూట కట్టుకోవడం తీసేశాడు. పంతులుగారు మంత్రం మధ్యలో కునుకు తియ్యడం తీసేశాడు. అన్నిటికంటే ముఖ్యంగా ఈశ్వరిని తీసేశాడు. మజ్జిగ పోస్తున్న ఈశ్వరి, జడలో పూలు సర్దుకుంటున్న ఈశ్వరి, నవ్వాపుకోలేక స్తంభం చాటుకి పోతున్న ఈశ్వరి. అక్క పెళ్ళి వీడియోలో చెల్లెలు అంతసేపుంటే వాళ్ళ నాన్న తనని బతకనివ్వడు మరి. తీస్తున్నప్పుడల్లా వాడి ప్రాణం గిలగిల్లాడింది. చివరికి వీడియో ముత్యంలా తయారైంది.

అంతా అయ్యాక గవర్రాజు అడిగాడు. "కత్తిరించిన ముక్కలేవిరా?"

"చెత్తబుట్టలో వేశానన్నయ్యా. కంప్యూటర్లోనే ఉంటుంది బుట్ట."

గవర్రాజు గుండె పట్టుకున్నాడు. "కస్టమరు సరుకు చెత్తబుట్టలోనా? నాన్న చెప్పిన మాట మర్చిపోయావా? తియ్యి బయటికి! అన్నీ కలిపి మూటకట్టు!"

తవిటిబాబు బతిమాలాడు, దండం పెట్టాడు. అన్న వినలేదు. నిజం చెప్పాలంటే, నాన్న మాట అనేసరికి వాడికీ ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ముక్కలన్నీ వరసగా అతికి ఒక పెన్ డ్రైవులో పెట్టాడు, అసలు వీడియో ఇంకోదాంట్లో.

సింహాచలం హాల్లో చాపలు పరిచారు. చుట్టాలు, ఇరుగుపొరుగు, పంతులుగారు, అందరూ టీవీ ముందు చేరారు. ముందు వరసలో సింహాచలం తల్లి నూకాలమ్మ పీట వేసుకుని కూర్చుంది. గవర్రాజు లేచి గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి పద్ధతండీ. ముందు మిగిలిన ముక్కలు చూపిస్తాం, తర్వాతే సరుకు. మీది పోగైనా మేం దాచుకోలేదని మీకు తెలియాలి కదా!"

ఇంకేముంది! టీవీలో సింహాచలం కాజాలు మూట కట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి ఇంకో రెండు కలుపుకున్నాడు. హాలంతా గొల్లుమంది. పంతులుగారు కునుకు తీశారు, టీవీలోనూ, హాల్లోనూ. ఆ తర్వాత ఈశ్వరి వచ్చింది. మజ్జిగ పోసింది. పూలు సర్దుకుంది. నవ్వింది. మళ్ళీ ఈశ్వరి. మళ్ళీ ఈశ్వరే. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అసలు ఈశ్వరి తలుపు చాటున నిలబడి, ఎర్రబడ్డ మొహం పైటచెంగులో దాచుకుంది. తవిటిబాబుకి భూమి చీలితే బాగుండుననిపించింది. చీలుతుందేమోనని కాసేపు చూశాడు కూడా.

సింహాచలం చివాలున లేచాడు. "ఒరే, మా పిల్లని..."

"కూర్చోరా కాజాల దొంగా" అంది నూకాలమ్మ. "ఇన్నేళ్ళ కాపురంలో నీ పెళ్ళాన్ని ఎన్నడైనా ఇంతసేపు చూశావా నువ్వు? ఆ కుర్రాడు చూశాడు. చూసి, మళ్ళీ మర్యాదగా తెచ్చి మన చేతిలోనే పెట్టాడు. ఇంతకంటే నిజాయితీపరుడు ఎక్కడ దొరుకుతాడు? ఈశ్వరిని వాడికే ఇస్తున్నాం."

తల్లి మాటకి సింహాచలం కండువా సర్దుకుని చాపమీద కూలబడ్డాడు. శ్రావణంలో ముహూర్తం పెట్టేశారు. అసలు వీడియో ఎవరూ అడగలేదు. ముక్కలే మళ్ళీ వెయ్యమన్నారు. రెడీమేడ్ కంప్యూటరుని వెల్వెట్టు తొడుగు వేసి, కిటికీలోంచే బయటికి తీసి, పార్వతీశానికి ఒప్పజెప్పి, పెళ్ళికి పిలిచొచ్చారు.

శ్రావణం రానే వచ్చింది. పందిట్లో గట్టిమేళం మోగింది. తవిటిబాబు తాళి ఈశ్వరి మెడ చుట్టూ వేశాడు. వేసి, ముడి వెయ్యకుండా ఒక అడుగు వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. తాళి వెనక్కి తీసేసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"అదేమిటి నాయనా?" అన్నారు పంతులుగారు, పూర్తిగా మెలకువ వచ్చి.

"ట్రయల్ చూశానండి. అంగుళంన్నర వదులుంది. సరిచేసి ఇస్తాను. అందరూ శుక్రవారం రండి."

పందిరంతా లేచి నిలబడింది. సింహాచలం తలబాదుకున్నాడు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గోల పెట్టారు. తవిటిబాబు కళ్ళల్లో నీళ్ళు నిండాయి. పిల్ల కావాలి. కానీ ట్రయల్ సరిపోకుండా సరుకు ఎలా ఒప్పజెబుతాడు?

అప్పుడు ఈశ్వరి తలవంచుకునే అంది. "మీ ఇంట్లో శుక్రవారం అంటే ఏ శుక్రవారమో నాకు తెలుసు. నావి మూడు జాకెట్లు మీ దగ్గరే ఉన్నాయి. నాకిది సరిపోయింది. కట్టెయ్యండి."

కస్టమరే ఒప్పుకున్నాక ఇంకేముంది! తవిటిబాబు మూడు ముళ్ళూ వేసి, గట్టిగా ఉంటుందని నాలుగోది కూడా వేశాడు. అక్షింతలు పడ్డాయి. నూకాలమ్మ కళ్ళొత్తుకుంది. పంతులుగారు కొత్త జంటకి కొంగుముడి వేసి లేపారు. హమ్మయ్య, గండం గడిచిందని సింహాచలం కుర్చీలో కూలబడ్డాడు.

జంట నాలుగడుగులు వేసిందో లేదో, గవర్రాజు చూపు ఆ ముడి మీద పడింది. తమ్ముడి ఉత్తరీయం, మరదలి చీరకొంగు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయి.

"ఎవడో పని రానివాడు రెండు గుడ్డలూ కలిపేశాడు! అదీ దర్జీ ఇంటి పెళ్ళిలో!" అని కేకేసి, నడుముకి దోపుకున్న కత్తెర తీసి, ఎవరూ అడ్డం పడేలోపు అటు ఒక కోత, ఇటు ఒక కోత కోశాడు. పందిట్లో అందరూ హాహాకారాలు చేశారు. ఆశ్చర్యపోనివాడు ఒక్క పార్వతీశమే. ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

గవర్రాజు తెగిన ముడిని దులిపి, మడతపెట్టి, రెండు చేతులతో సింహాచలానికి అందించాడు. "బావగారూ, ఇందులో సగం మీ గుడ్డ. తీసుకోండి. మూడు తరాలుగా మా ఇంట్లో కస్టమరుది పీలిక కూడా ఉంచుకోలేదు."